సెప్టెంబరు 1, గువ్వల వేట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆగస్టు 15న టెక్సాస్‌లో కొత్త వేట లైసెన్సులు అమ్మకానికి వస్తాయి. అక్కణ్ణుంచి నెలాఖరు దాకా ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలన్నీ గువ్వల వేట గురించే. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లను ఆఫీసు స్నేహితులో, పక్కింటివాళ్లో ‘ఒకటో తారీఖున మా పొలానికి రండి’ అని పిలవడం ఇప్పుడు మామూలైంది. పిలుపు అందుకున్నవాళ్లు బయల్దేరే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అందులో కొన్ని చట్టాలు, కొన్ని మర్యాదలు. పొలం యజమాని దృష్టిలో రెండూ ఒకటే.

ప్ర: మా మేనేజరు గారు తమ రాంచ్‌కి మొదటి రోజు వేటకు పిలిచారు. అసలు ఆ రోజు ఏం జరుగుతుంది? ఏం పట్టుకెళ్లాలి? – ఇర్వింగ్ పాఠకుడు

జ: ముందు తారీఖు సంగతి. వలస పక్షుల విషయంలో అమెరికా ఒకవైపు, కెనడా తరఫున బ్రిటన్ మరోవైపు ఉండి 1916లో ఒప్పందం చేసుకున్నాయి. మార్చి 10 నుంచి సెప్టెంబరు 1 దాకా వేట పక్షుల జోలికి పోకూడదని అందులో ఉంది. దాన్ని అమలు చేయడానికి వచ్చిందే 1918 నాటి వలస పక్షుల చట్టం. అందుకే గువ్వల సీజన్ సెప్టెంబరు 1 కంటే ముందు మొదలవదు. ఏడాదిలో అన్నిటికంటే ముందు వచ్చే పక్షుల వేట ఇదే కాబట్టి టెక్సాస్ పల్లెల్లో దీన్ని పండగలా చేస్తారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు కూడా దగ్గర్లోనే ఉంటుంది. బంధువులంతా అప్పుడే కలుస్తారు.

తెల్లవారుజామున చీకటి ఉండగానే చేరుకోవాలి. దారిలో గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. ఈ ఒక్క విషయంలో పొరపాటు చేసినా పశువులు రోడ్డెక్కుతాయి, మళ్లీ పిలుపు రాదు. యజమాని అందరినీ నిలబెట్టి హద్దులు చూపిస్తారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఇల్లు, పశువులు ఏ వైపు ఉన్నాయి, ఏ వైపు కాల్చకూడదు అన్నీ చెబుతారు. ఫోన్ పక్కన పెట్టి శ్రద్ధగా వినండి. కంచె వెంబడో, మెస్కీట్ చెట్ల నీడలోనో, గడ్డి మోపుల చాటునో బకెట్లు బోర్లించుకుని కూర్చుంటారు. మనిషికీ మనిషికీ మధ్య కనీసం 50 గజాల దూరం ఉండాలి.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకా కాల్చవచ్చు. గువ్వలు పొద్దున్నే రాత్రి మకాం వదిలి పొద్దుతిరుగుడు, జొన్న చేలకు మేతకొస్తాయి. ఎండ ముదిరాక చెట్లెక్కి కూర్చుంటాయి. సాయంత్రం పశువుల కుంటకు నీళ్లకొచ్చి మకాంకు వెళ్లిపోతాయి. అందుకే మధ్యాహ్నం వేట ఆగిపోతుంది. బార్బెక్యూ, పిల్లల ఆటలు, కొత్త కుక్క మొదటిసారి పిట్టను తెచ్చిన ముచ్చట్లు అప్పుడే. కుర్రవాడు మొదటి గువ్వను కొడితే దాన్ని చేతిలో పెట్టి ఫొటో తీయడం ఇక్కడ తప్పనిసరి ఆచారం.

రెండు పెద్ద సంచుల ఐసు, మీ కుటుంబానికి సరిపడా నీళ్లు, ఒక వంటకం పట్టుకెళ్లండి. మన పులిహోర, కోడి వేపుడు ఏదైనా సంతోషంగా తింటారు. ముందు అడక్కుండా మరో స్నేహితుణ్ణి వెంటేసుకుని వెళ్లొద్దు. పొలం ఎక్కడుందో తెలిసేలా ఫొటోలు పెట్టొద్దు. తుపాకులన్నీ ఖాళీ చేసి ఒరల్లో పెట్టేదాకా బీరు ముట్టొద్దు. వెళ్లేముందు మీరు కూర్చున్న చోట ఖాళీ తూటాల తొడుగులు ఒక్కటి కూడా మిగలకుండా ఏరండి. పక్కవాళ్లవి కనిపించినా ఏరండి. యజమాని మరుసటి రోజు పొలం తిరిగేటప్పుడు చూసేది అదే.

ప్ర: నేను హెచ్‌-1బి మీద ఉన్నాను. స్నేహితుడు తన తుపాకీ ఇస్తానంటున్నాడు. కాల్చవచ్చా? – ఫ్రిస్కో పాఠకుడు

జ: ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1, బి-2 అందరూ, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతదే కానక్కర్లేదు, అరువు తెచ్చుకున్నదైనా, చేతిలో కాసేపు పట్టుకున్నదైనా అంతే. అయితే ఈ నిషేధానికి మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లకు పనికొచ్చేది అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం. అది ఉంటే స్నేహితుడి తుపాకీతో కాల్చవచ్చు. దుకాణంలో కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో కూడా ఆ లైసెన్సు కాపీయే అడుగుతారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, టెక్సాస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. కిందటేడు కొన్నది జేబులో ఉంది కదా అని సెప్టెంబరు 1 తెల్లవారుజామున పొలానికెళ్తే మీరు లైసెన్సు లేకుండా వేటాడుతున్నట్టే. పైగా మీ మినహాయింపు కూడా రాత్రికి రాత్రే పోయినట్టు. మామూలు పౌరుడికి అది జరిమానాతో పోయే విషయం, మీకు వీసా దాకా వెళ్లే విషయం. కొత్తది ఆగస్టులోనే కొనండి. ఇంట్లో సొంత తుపాకీ ఉన్నవాళ్లు వేటకెళ్లినా వెళ్లకపోయినా లైసెన్సు ఏటా కొంటూనే ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు, వేటాడాలంటే మాత్రం లైసెన్సు అందరిలాగే కావాలి. పాత కేసులేమైనా ఉంటే తుపాకీ ముట్టేముందు ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించండి.

ప్ర: లైసెన్సు ఒక్కటి కొంటే చాలా? – ప్లేనో పాఠకుడు

జ: చాలదు. రాష్ట్రంలో ఆర్నెల్లకు పైగా వరసగా ఉంటున్నవాళ్లకు నివాసుల లైసెన్సు 25 డాలర్లు. దానిపైన అదనపు అనుమతిగా వలస పక్షుల ఎండార్స్‌మెంట్ 7 డాలర్లు. కొనేటప్పుడు ‘కిందటేడు ఎన్ని గువ్వలు, ఎన్ని బాతులు కొట్టారు’ అని అడుగుతారు. చాలామంది విసుగ్గా ‘లేదు, లేదు’ అనేస్తుంటారు. అది హిప్ (వేట సమాచార సేకరణ కార్యక్రమం) ధ్రువీకరణ. దానికి డబ్బు లేదు గానీ లైసెన్సు మీద అది నమోదై ఉండాలి. ఎవరెవరు వేటాడుతున్నారో తెలిస్తేనే తర్వాత సర్వే చేసి పక్షుల లెక్క తేలుస్తారు, కాబట్టి నిజం చెప్పండి.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. టైం లేకపోతే 10 డాలర్లు కట్టి ఒక్కసారికి వాయిదా తీసుకోవచ్చు. కానీ అప్పుడు కోర్సు చేసిన లైసెన్సుదారు మీ పక్కనే, మామూలుగా మాట్లాడితే వినిపించే దూరంలో ఉండాలి.

తుపాకీలో ఒకేసారి మూడు తూటాలకు మించి పట్టకూడదు. పంప్, సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌లకు మ్యాగజైన్ ట్యూబులో, అంటే తూటాలు పేర్చే గొట్టంలో, ఎక్కువ పట్టకుండా అడ్డుపడే ప్లగ్ ఉండాలి. పాతవి కొన్నప్పుడు అది ఎవరో తీసేసి ఉంటారు. డమ్మీ తూటాలతో ఇంట్లోనే చూడండి: ఛాంబరు (కాల్చే తూటా కూర్చునే గది) మూసి ఉంచి ట్యూబులోకి రెండు తోయండి. మూడోది లోపలికి పోతే ప్లగ్ లేనట్టే. గేమ్ వార్డెన్ (వేట నియమాలు అమలుచేసే అధికారి) చేసేది కూడా సరిగ్గా ఇదే పరీక్ష.

ప్ర: ఎగిరే పిట్ట గువ్వేనని ఎలా గుర్తుపట్టాలి? తప్పు పిట్టను కొడితే? – ఆస్టిన్ పాఠకుడు

జ: తోక చూడండి, తర్వాత రెక్క, ఆ తర్వాత మెడ. మోర్నింగ్ డవ్ అనే రకానికి తోక పొడుగ్గా, చివర సూదిగా ఉంటుంది. ముడిచిన రెక్క మీద నల్లచుక్కలుంటాయి. పిట్ట సన్నగా, వేగంగా, మెలికలు తిరుగుతూ వస్తుంది, రెక్కలు ఈలలాంటి చప్పుడు చేస్తాయి. వైట్‌వింగ్ అనే ఇంకో రకం కాస్త బరువైనది. రెక్క విప్పితే మధ్యలో తెల్లటి పట్టీ ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తోక చివర గుండ్రంగా ఉంటుంది. ఈ రెండూ కలిపి రోజుకు మనిషికి 15. ఇంట్లో నిల్వతో కలిపి 45కు మించకూడదు.

యూరేషియన్ కాలర్డ్ డవ్ బయటి నుంచి వచ్చి స్థిరపడిన జాతి. లేత బూడిదరంగులో, పెద్దగా, మెడ వెనక నల్లటి అర్ధచంద్రంతో ఉంటుంది. దీనికి పరిమితి లేదు, 15 లెక్కలోకి రాదు. కానీ ఆ నల్లగీత కనిపించకుండా ఈకలు పీకేస్తే వార్డెన్‌కు అది ఏ గువ్వో తెలియదు. మా సలహా ఏమంటే ఏ గువ్వకైనా ఇంటికి చేరేదాకా ఒక రెక్కో, తలో ఉంచండి.

ముట్టుకోకూడనివి రెండున్నాయి: పొలుసులు అద్దినట్టు ఈకలుండే ‘ఇంకా డవ్’ అనే చిన్న గువ్వ, దానికంటే చిన్న గ్రౌండ్ డవ్. ఎగిరినప్పుడు రెక్కల్లో ఇటుకరంగు మెరుస్తుంది. మసక వెలుతురులో ఇవే కాదు, చిన్న డేగలు, ఉల్లంకి పిట్టలు కూడా గువ్వల్లాగే కనిపిస్తాయి. సీజన్ మొదటి అరగంటలో తప్పులన్నీ ఇలాగే జరుగుతాయి. చట్టం ఒప్పుకున్నా, తోక స్పష్టంగా కనిపించేంత వెలుగొచ్చేదాకా తుపాకీ ఎత్తకపోవడమే మంచిది.

ఇంకొక మాట. ఎవరి పదిహేను వాళ్లే కొట్టాలి. ‘నీకు తగల్లేదు కదా, నీ వంతు నేను కొడతా’ అనడం నేరం. పిట్టలన్నీ ఒకే బకెట్‌లో కలిపేస్తే ఎవరివెన్నో తేల్చలేరు. ఎవరి సంచి వాళ్లదే.

ప్ర: మాకు పిలిచేవాళ్లు లేరు. హ్యూస్టన్ దగ్గర ఎక్కడికెళ్లాలి? ఇక్కడ సీజన్ ఆలస్యమంటున్నారు, ఎందుకు? – కేటీ పాఠకుడు

జ: రాష్ట్రాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విడదీశారు. డాలస్ దగ్గర ఐ-30, మీ దగ్గర ఐ-10 హైవేలు హద్దులు. ఐ-10కు ఉత్తరాన సెప్టెంబరు 1నే మొదలవుతుంది. దక్షిణాన మామూలు సీజన్ సెప్టెంబరు మధ్యలో వస్తుంది. దానికి ముందు వారాంతాల్లో వైట్‌వింగ్ ప్రత్యేక రోజులుంటాయి. అప్పుడు మధ్యాహ్నం 12 నుంచే కాల్చాలి, పదిహేనులో మోర్నింగ్ డవ్‌లు రెండుకు మించకూడదు. అంటే రోడ్డుకు ఈ పక్కనా ఆ పక్కనా నియమాలు వేరు. ఏటి తారీఖులు ఆ ఏడు రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ప్రకటనలో చూసుకోండి.

పిలిచేవాళ్లు లేనివాళ్లకు 48 డాలర్ల వార్షిక పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఉంది. ఆ శాఖ రైతుల దగ్గర కౌలుకు తీసుకున్న గువ్వల పొలాల మ్యాపు దానితో వస్తుంది. కొన్నిచోట్ల తూటాలోని సీసపు రవ్వలు నిషేధం, మ్యాపులో చూసి స్టీలు రవ్వలు కొనండి. ముందురోజు సాయంత్రం వెళ్లి కుంట ఎక్కడుంది, ఎండిన చెట్లెక్కడున్నాయి చూసుకోవాలి. వాన పడి దారిపొడుగునా గుంతల్లో నీళ్లు నిలిచాయంటే ఆ కుంట దగ్గర కూర్చోవడం దండగ, గువ్వలు ఎక్కడైనా తాగుతాయి.

డబ్బు కట్టి ప్రైవేటు పొలంలోకి వెళ్లేవాళ్లు ఒక ప్రశ్న తప్పక అడగాలి: ‘గింజలు చల్లారా?’ పంట కోసినప్పుడు రాలిన గింజలు, నిలిచిన చేనును అక్కడే నరికి పడేసినవి గువ్వల విషయంలో ఫరవాలేదు. బయటి నుంచి సంచితో తెచ్చి చల్లితే అది ఎర. దాన్ని పూర్తిగా ఎత్తేసినా పది రోజుల దాకా అక్కడ వేటాడకూడదు. ‘నాకు తెలియదు’ అంటే సరిపోదు, చూస్తే తెలిసేదే అయితే వేటగాడిదే తప్పు. చేను అంచున, రోడ్డు మీద గోధుమలో జొన్నలో పలచగా పరిచినట్టు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

కంచె స్తంభాల మీద, చెట్ల మీద నిలువుగా ఊదారంగు గీత కనిపిస్తే అది ‘లోపలికి రావద్దు’ అన్న బోర్డుతో సమానం. మీరు కొట్టిన గువ్వ అవతల పడినా యజమానిని అడక్కుండా కంచె దాటకూడదు. అటు పడేలా ఉంటే కొట్టకండి.

ప్ర: క్లేలు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు) బాగానే కొడతాను, గువ్వలు మాత్రం తగలవు. – రౌండ్ రాక్ పాఠకుడు

జ: ఇది అందరికీ ఉన్న ఇబ్బందే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రవ్వలు పిట్ట వెనక నుంచి పోతాయి. పిట్ట ముందుకు గొట్టం జరుపుతూ, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు గొట్టాన్ని ఆపేస్తారు. నొక్కాక కూడా జరుపుతూనే ఉండాలి. ఇంకోటి, దూరం. 35 గజాలు దాటితే వదిలేయండి. కూర్చునే చోటు నుంచి 35 పెద్ద అంగలు వేసి ఒక గుర్తు పెట్టుకుంటే అంచనా తప్పదు. 12 గేజ్‌కు ఔన్సు బరువున్న 7½ లేదా 8 నంబరు రవ్వలు, గొట్టం మూతిని కొద్దిగానే బిగించే ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ చాలు. బరువైన తూటాలు భుజం నొప్పి తప్ప ఏమీ ఇవ్వవు.

పిట్ట వెనక ఆకాశం కనిపిస్తేనే కాల్చాలి, చెట్లో నేలో కనిపిస్తే కాల్చకూడదు. కింద నుంచి దూసుకొచ్చే గువ్వను తుపాకీతో వెంబడిస్తే చివరికి గొట్టం అవతలి మనిషి ముఖం మీదికి వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి, పైనుంచి రాలే రవ్వలకు కన్ను చాలా సున్నితం. పడిన పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా నేరుగా నడిచి తీసుకోండి. ఈలోగా ఇంకొకదాన్ని కొడితే రెండూ గడ్డిలో దొరకవు. పడ్డదాన్ని వెతకడం చట్టం కూడా.

ప్ర: మావారు పదిహేను గువ్వలు తెచ్చారు, వాసనొచ్చి పారేశాం. మాంసం ఎలా కాపాడాలి, ఎలా వండాలి? – కరోల్టన్ పాఠకురాలు

జ: వాసన రావడానికి కారణం వేటసంచి. 35 డిగ్రీల సెల్సియస్ ఎండలో పదిహేను వెచ్చటి పిట్టలు ఒకదానిమీదొకటి పడి ఉంటే లోపలివి గంటల్లో పాడవుతాయి. కొట్టినవాటిని నీడలో విడివిడిగా పరచాలి, వీలైనంత త్వరగా ఐసులోకి చేర్చాలి. శుభ్రం చేయడం తేలికే: రొమ్ము ఎముక కింది కొన దగ్గర బొటనవేలు లోపలికి దూర్చి పైకి లాగితే రొమ్ము మొత్తం ఊడి వస్తుంది. రెక్కలు కత్తెరతో కోయాలి. మాంసాన్ని జిప్ సంచిలో పెట్టి ఐసు మీద ఉంచండి. కరిగిన నీళ్లలో నానితే పాలిపోయి చప్పబడుతుంది, కూలర్ అడుగున బిరడా తీసి ఉంచాలి.

వండేముందు ప్రతి ముక్కనూ వేలితో తడమండి. ముదురు రంగు గాటు, దానిలోకి దూరిన చిన్న ఈక కనిపిస్తే ఆ ఈక వెంట వెళ్తే రవ్వ దొరుకుతుంది. గాటు చుట్టూ మాంసం కొంచెం ఎక్కువే కోసేయండి. సీసపు పొడి కంటికి కనపడదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టేట్టయితే స్టీలు రవ్వలతో కొట్టినవే వాడండి.

పదిహేను గువ్వల రొమ్ము మాంసం సుమారు అరకిలో. కౌజుపిట్ట కంటే ఎర్రగా, కాలేయం రుచి కొంచెం కలిసినట్టుంటుంది. ఆ రుచి తగ్గాలంటే లీటరు చల్లనీళ్లలో ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో నానబెట్టి, తుడిచి ఆరబెట్టాలి. తర్వాత పెద్ద చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచా కారం, పావు చెంచా పసుపు, అర చెంచా ఉప్పు, అర నిమ్మకాయ రసం పట్టించి రెండు గంటలు ఉంచండి. మందపాటి మూకుడు బాగా కాలాక రెండు పెద్ద చెంచాల నూనెలో ముక్కలు కిక్కిరిసిపోకుండా రెండు దఫాలుగా వేయించండి, ఒక్కో వైపు రెండుమూడు నిమిషాలు. చివర్లో కరివేపాకు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. కొవ్వు లేని మాంసం కాబట్టి మూతపెట్టి ఉడికిస్తే తోలులా అవుతుంది. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రాగానే దించేయండి.

టెక్సాస్ వాళ్ల పద్ధతి పాపర్స్. చీల్చి గింజ తీసిన హలపేన్యో మిరపకాయలో చెంచాడు క్రీమ్ చీజ్, దానిమీద రొమ్ముముక్క, చుట్టూ సగం బేకన్ పట్టీ చుట్టి, నీళ్లలో నానబెట్టిన టూత్‌పిక్‌తో గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. బేకన్ పల్చటిది వాడాలి. మందంగా ఉంటే అది వేగేలోపు లోపలి మాంసం ఎండిపోతుంది. పంది తిననివాళ్లు బేకన్ మానేసి, నెయ్యి పూస్తూ సన్నని సెగ మీద కాల్చుకోవచ్చు.

ప్ర: మన దగ్గర ఇలాంటి సీజన్ ఉందా? ఊళ్లో గువ్వలు బోలెడున్నాయి. – తెనాలి పాఠకుడు

జ: లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జాతులకు లైసెన్సు మీద వేటను ఒప్పుకునేది. 1991 సవరణతో అదీ పోయింది. మీ ఊళ్లో పొడల గువ్వను వలతో పట్టినా, ఉండేలుతో కొట్టినా నేరమే. ఫారాల్లో పెంచి అమ్మే జపాన్ కౌజులు వేరు, చేలల్లో పట్టిన అడవి కౌజులు కొనడం కూడా నేరం. వేటకు పండగ మాత్రం మనకీ ఉంది. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనులు చైత్రంలో ఇటుకల పండుగ చేస్తారు. విత్తనాలకు పూజ చేసి మగవాళ్లు అడవికి వేటకెళ్లడం, ఆడవాళ్లు దారి కాసి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేయడం ఆ పండగలో భాగం.

ప్ర: మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. వేటకు తీసుకెళ్లవచ్చా? కొట్టినవాటిలో కొన్ని స్నేహితులకివ్వచ్చా? – అలెన్ పాఠకుడు

జ: చూడ్డానికి నిరభ్యంతరంగా రావచ్చు. వేట లైసెన్సు లేకుండా తుపాకీ మాత్రం ఆయన చేతికివ్వకండి, ఫొటో కోసమైనా సరే. తూటాల పెట్టె మోయమని కూడా అడక్కండి. ఆయన కూడా కాల్చాలనుకుంటే నివాసేతరుల లైసెన్సు కొనాలి. ఎండకు టోపీ, నీళ్లు, వెన్నున్న కుర్చీ ఏర్పాటు చేయండి. నిప్పుచీమల పుట్ట పక్కన కుర్చీ వేయకుండా నేల చూసుకోండి. గడ్డిలో పడిన పిట్టను ఆయన్ని తీయనివ్వొద్దు, సెప్టెంబరులో గిలకపాములు తిరుగుతుంటాయి.

పిట్టల్ని ఇవ్వవచ్చు, అమ్మకూడదు. ఇచ్చేటప్పుడు మీ పేరు, చిరునామా, ఎన్ని, ఏ జాతి, ఏ రోజు కొట్టారు రాసి సంతకం చేసిన చీటీ సంచికి కట్టండి. మీరు కొట్టినవాటిని ఎవరి కూలర్‌లోనైనా పెట్టి పంపినా ఆ చీటీ ఉండాల్సిందే.